ఊరి కళ్ళానికి తాళం

పిల్లలు ఆడుకోవడానికి ప్రతి ఊళ్ళోనూ ఒక చోటు ఉండాలని అందరూ అంటారు. నేనూ అంటాను. అయితే ఆ చోటు విషయంలో మొట్టమొదట చేయవలసిన పని ఏమిటో చాలామందికి తెలియదు. చెట్లు నాటడమా? కాదు. ఉయ్యాల కట్టడమా? అదీ కాదు. తాళం వేయడం!

నవ్వకండి. తాళం లేని ఆటస్థలం అసలు ఆటస్థలమే కాదు. కావాలంటే మా ఊరు వచ్చి చూడండి. మాది బస్తర్ సంస్థానంలో తర్లగూడకు పోయే బాటమీద, సరిహద్దుకు దగ్గర్లో ఉంది. సగం మంది తెలుగు రైతులం, సగం మంది దొర్ల తెగవాళ్ళు. జగదల్‌పూర్ సర్కారు కచేరీ వాళ్ళకు మేము పాతాళంలో ఉన్నట్టు లెక్క. మాకు వాళ్ళు చందమామలో ఉన్నట్టు లెక్క. ఇన్నాళ్ళూ ఎవరి లోకంలో వాళ్ళం సుఖంగానే ఉన్నాం.

ఊరి చివర మాకు ఉమ్మడి కళ్ళం ఒకటి ఉంది. కోతలయ్యాక వడ్లు కొట్టుకునే చోటు. నేల గట్టిగా దిమ్మిస కొట్టి, పేడతో అలికి, నడుమ ఎడ్లను కట్టడానికి ఒక గుంజ పాతి ఉంటుంది. వడ్లు ఇళ్ళకు చేరాక మళ్ళీ కోతల దాకా ఆ కళ్ళంతో పెద్దవాళ్ళకు పని లేదు. కాబట్టి పిల్లలు అక్కడ ఆడేవాళ్ళు. సాయంత్రమైతే పడుచువాళ్ళు డోలు తెచ్చి చిందులేసేవాళ్ళు.

అది ఆటస్థలమని మాలో ఎవరికీ తెలియదు! ఆడేవాళ్ళకు అసలే తెలియదు. తెలియకుండానే ఆడేవాళ్ళు. ఇంతకన్నా వెనకబాటుతనం ఇంకేముంటుంది?

నా చదువు కూడా ఆ కళ్ళంలోనే సాగింది. మొగుడు పోయి, జుట్టు నెరిశాక నాకు అక్షరాల మీద మనసు పడింది. మా మరిది మనవడు లచ్చు బడికి పోతాడు. వాడు పుల్లతో దుమ్ములో గీసేవాడు, నేను వేలితో దిద్దేదాన్ని, మేకలు వచ్చి తొక్కేవి, మళ్ళీ దిద్దేదాన్ని. కళ్ళానికి తాళం పడ్డాక నా చదువూ ఆగింది. ఈ వ్యాసంలో తప్పులేమైనా కనిపిస్తే దయచేసి నన్ను అనకండి, కమిటీని అనండి.

కమిటీ అంటే చెప్పాలి కదా! ఆ ఏడు వడ్లు కొట్టడం పూర్తయిన కొద్దిరోజులకు జగదల్‌పూర్ నుంచి హుకుం వచ్చింది. ప్రతి పెద్ద ఊరూ పిల్లలకూ పడుచువాళ్ళకూ అనుకూలంగా ఉండాలట. అందుకోసం ఊళ్ళో కమిటీ వేయాలట. పెద్ద సాహెబు స్వయంగా దౌరాకు, అంటే తనిఖీకి, వచ్చి, ఎంత అనుకూలంగా ఉన్నామో చూస్తాడట.

మా పటేలు రామనర్సయ్య నాకు సొంత మరిదే. ఆయన ప్రెసిడెంటు. మిగతా సభ్యులంతా మనవలూ మునిమనవలూ ఉన్న పెద్దమనుషులు. పడుచువాళ్ళ తరఫున కూడా ఒకరుండాలని హుకుంలో ఉందని కోత్వారు మాసా చదివి వినిపించాడు. కోత్వారంటే ఊరి కావలి. సభ్యులంతా ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పడుచువాడంటే ఎవరు? పళ్ళన్నీ ఉన్నవాడు. అక్కడ పళ్ళన్నీ ఉన్నది మా మరిదికొక్కడికే. కాబట్టి పడుచువాళ్ళ ప్రతినిధి కూడా ఆయనే అయ్యాడు.

ఒక ఆడమనిషి కూడా ఉండాలట, అదీ అక్షరాలు వచ్చినదట. దాంతో నన్ను పిలిచారు. పిలిచి, తడిక అవతల కూర్చోబెట్టారు.

"పిల్లలకు ఏం కావాల్నో పిల్లలనే అడుగరాదు?" అన్నాను తడిక అవతలనుంచి.

"వాళ్ళకేం ఎరుక వదినె?" అన్నాడు మా మరిది. "అడిగితె నడిమిట్ల ఒక వాగు తవ్వమంటరు."

"తవ్వితె ఏంది?"

"ఇగో, అందుకే నిన్ను తడిక అవతల కూసోబెట్టింది!"

తీర్మానం జరిగిపోయింది. కళ్ళం చుట్టూ వెదురు కంచె వేశారు. కంచె కింద పిల్లలు దూరకుండా రేగుకంప పరిచారు. గేటు పెట్టారు. గుంజ పక్కన కొత్త తాడుతో ఉయ్యాల కట్టారు. 'బాలల ఉద్యానం' అని బోర్డు రాయించారు. చివరికి భోపాలపట్నం సంతనుంచి కొబ్బరికాయంత తాళం తెచ్చారు.

మా ఊళ్ళో ఇళ్ళకు తాళాలు లేవండి. తలుపు దగ్గరికి వేసి ఒక పుల్ల అడ్డం పెడితే, ఇంట్లో ఎవరూ లేరని అర్థం. ఊరు పుట్టాక ఊళ్ళోకి వచ్చిన మొదటి తాళం అది. ధాన్యానికి వేయలేదు, నగలకు వేయలేదు, పిల్లల కోసం వేశారు! పిల్లలంటే మా పెద్దలకు ఎంత ప్రేమో చూడండి. ఊరంతా వచ్చి ఆ తాళాన్ని తాకి చూసి పోయింది.

సాహెబు చూడకముందే పిల్లలు ఆడితే ఏమవుతుంది? తాడు అరుగుతుంది. నేల గుంటలు పడుతుంది. బోర్డు మీద బురద చేతులు పడతాయి. పిల్లల కోసం ఇంత చేసి, దాన్ని పిల్లల చేత పాడు చేయిస్తామా? అందుకని దౌరా దాకా తాళం తీయకూడదని కమిటీ తీర్మానించింది. తాళంచెవి మా మరిది మొలతాడుకు చేరింది.

దౌరా ఆ నెలలోనే అన్నారు. తరవాత సాహెబుకు జలుబన్నారు. ఆ తరవాత మోటారుకు జలుబన్నారు. ఆ పైన సాహెబు వేటకు పోయాడన్నారు. వాయిదా పడ్డ ప్రతిసారీ మాసా వచ్చి డప్పు కొట్టి చెప్పేవాడు. పిల్లలు ఆ డప్పుకు చిందులేసేవాళ్ళు. వాళ్ళకు మిగిలిన ఆట అదొక్కటే కదా!

ఇక తాళంవల్ల కలిగిన మేళ్ళు చెప్తాను, వినండి.

మొదటి మేలు: ఇదివరకు పిల్లలకు కళ్ళం ఒక్కటే ఉండేది. తాళం పడ్డాక ఊరంతా ఆటస్థలమైంది! పటేలు గడ్డివాము మీదనుంచి జారడం నేర్చుకున్నారు. ఎడ్లబండ్ల వెనక వేలాడటం నేర్చుకున్నారు. మా మరిది మధ్యాహ్నం మంచం మీద కునుకు తీస్తుంటే, మంచం కింద దొర్ల పిల్లలూ తెలుగు పిల్లలూ కలిసి పులీ మేకా ఆడేవాళ్ళు. పులి అరిచినప్పుడల్లా ఆయన లేచి కూర్చునేవాడు.

"యాడ ఆడాల్నో ఆడ ఆడుండ్రిరా!"

"ఆడ తాళమున్నది తాతా."

"అయితె ఊకుండుండ్రి!"

ఊరుకోవడమనే ఆటను మా పిల్లలకు అంతకుముందు ఎవరూ నేర్పలేదు. అదీ తాళం చలవే.

పడుచువాళ్ళ మాట చెప్పనే అక్కర్లేదు. డోలు కొట్టుకునే చోటు పోయింది కాబట్టి సాయంత్రమైతే ఎక్కడికి పోవాలి? ఊళ్ళో తాళం లేని చోటు ఇంకొకటే మిగిలింది: తాటిచెట్ల కింద కల్లు దించే చోటు. అక్కడికి పోవడం మొదలుపెట్టారు. కమిటీ పెద్దలు ఎప్పటినుంచో అక్కడే కూర్చుంటారు. దాంతో ముసలివాళ్ళకూ పడుచువాళ్ళకూ మధ్య ఉన్న దూరం పూర్తిగా పోయింది! ఏ హుకుం ఇంత పని చేయగలదు?

అందం సంగతి? పిల్లల కాళ్ళు పడకపోయేసరికి కళ్ళం అంచుల్లో గడ్డి మొలిచింది. గడ్డి మొలిచాకే అది ఉద్యానంలా కనబడింది. గడ్డి కోసం మేకలు వచ్చాయి. కంచె కింది రేగుకంప పిల్లలకు ముళ్ళు, మేకలకు భోజనం. ఒక మూల కంపంతా తినేసి, మనిషి కూర్చునేంత కంత చేసి లోపలికి దూరాయి. ఉయ్యాల నీడలో పడుకునేవి. ఒక పిల్లమేక ఉయ్యాల పలక మీదకే ఎక్కేది. పిల్లలు కంచె పట్టుకుని నిలబడి, తమ ఉద్యానంలో మేకలు ఎంత చక్కగా ఆడుతున్నాయో చూసి ఆనందించేవాళ్ళు.

కోత్వారు మాసా ఆ కంతలోనే గొంగడి వేసుకుని కూర్చుని కాపలా కాసేవాడు. మేక వస్తే పక్కకు జరిగేవాడు. పిల్లవాడు వస్తే కర్ర ఎత్తేవాడు.

"అదేంది మాసా, మేకలను పోనిస్తవు?" అని అడిగాను.

"మేకల గురించి నాకు హుకుం లేదమ్మా" అన్నాడు. తప్పేముంది చెప్పండి!

ఇన్ని మేళ్ళలో పెద్ద మేలు ఇర్మాకు జరిగింది. వాడి గురించి కాస్త తీరిగ్గా చెప్పాలి.

ఇర్మా ఇంకా పాలు తాగే పిల్లవాడు. వాడి అక్క మంగికి పట్టుమని పదేళ్ళు ఉండవు. వాళ్ళ గుడిసె గుట్టవారన ఉంది. గుమ్మం దాటితే రాళ్ళు, రాళ్ళు దాటితే పల్లేరుకాయలు. ఇప్పపువ్వు రాలే కాలంలో తెల్లవారకముందే తల్లి గంప తీసుకుని అడవికి పోతుంది. తమ్ముడు మంగి చంకకెక్కుతాడు. ఇదివరకు మంగి వాణ్ణి తెచ్చి కళ్ళంలో దించేది. అలికిన నేల కదా, ముల్లు లేదు, రాయి లేదు, బండి రాదు. వాడు పాక్కుంటూ పోయి గుంజ పట్టుకుని లేచి నిలబడేవాడు. నిలబడి, ఊరంతా తనదే అన్నట్టు చూసేవాడు. ఇవాళో రేపో గుంజ వదిలి అడుగేస్తాడని మేమంతా అనుకుంటుండగా తాళం పడింది.

అప్పటినుంచీ వాడు చంక దిగలేదు.

ఒకసారి మా వాకిట్లో దించమన్నాను. దించింది. మా కోడిపుంజు ఎక్కణ్ణుంచి చూసిందో, పరుగెత్తుకొచ్చి వాడి పిక్క మీద పొడిచింది. ఆనాటినుంచి వాడికి నేలంటేనే భయం. దించబోతే చాలు, కాళ్ళు రెండూ పైకి ముడుచుకుని మంగి జుట్టు పట్టుకుని ఏడ్చేవాడు.

"వీడు నడుస్తడా అవ్వా?" అని అడిగింది మంగి ఒకనాడు, కంచె పక్కన నిలబడి.

"నడవక ఏంచేస్తడే?"

"వీని ఈడు పోరలందరు ఉరుకుతున్నరు. మా యాయ వీని కాళ్ళకు నూనె రాసుకుంట ఏడుస్తున్నది." యాయ అంటే తల్లి. "కళ్ళంల అయితె భయపడడు అవ్వా. గుంజను చూపిస్తె ఇప్పటికీ చేతులు చాపుతడు. సూడు."

చూశాను. కంచె సందులోనుంచి వాడు గుంజవైపు చేతులు చాపాడు.

అయినా ఇది మేలు కాక మరేమిటి? నడక రాని పిల్లవాడు తప్పిపోడు. బావిలో పడడు. పటేలు గడ్డివాము ఎక్కడు. ఊళ్ళో పిల్లలందరూ ఇర్మాలాగే ఉంటే కమిటీ పని ఎంత సులువయ్యేది!

కానీ నేను ఆడదాన్ని, పైగా సగం చదువుదాన్ని. ఇంతటి మేలును అర్థం చేసుకోలేక మా మరిది దగ్గరికి పోయాను.

"పొద్దున జరసేపు తాళం తీయి మరిదీ. ఆ పిల్లగాడు గుంజ పట్టుకుని నడక నేర్చుకుంటడు."

"సాహెబు రాకముందే ఎట్ల తీస్తనే వదినె?"

"ఒక్క పోరనికి ఏం అరుగుతది?"

"ఒక్కడు పోతె ఊకుంటరా? ఎనకంగ ఊరు ఊరే పడుతది. అయినా నడక యాడికి పోతది? ఇయ్యాల కాకుంటె రేపు నడుస్తడు. దౌరా తప్పిపోతె మళ్ళ వస్తదా?"

నడక ఆగుతుంది, దౌరా ఆగదు. ఎంత లోతైన మాట! నేను వచ్చేశాను. వస్తూ వస్తూ ఆయన నడుముకేసి చూశాను. కోటు కింద, ధోవతి పైన, నల్లటి మొలతాడుకు తాళంచెవి వేలాడుతూ ఉంది. ఊరికే చూశాను, అంతే.

తరవాత విత్తనాల పండగ వచ్చింది. తొలకరికి ముందు వచ్చే ఈ పండగను దొర్లవాళ్ళూ మేమూ కలిసే చేసుకుంటాం. ఊరి పూజారిని పెర్మా అంటారు. మా పెర్మా పేరు పొజ్జా. ఆయన భూమికి మొక్కి, ఇంటింటి విత్తనాలూ కలిపి, మళ్ళీ అందరికీ పిడికెడు పిడికెడు పంచుతాడు. మగవాళ్ళు అడవికి వేటకు పోతారు. ఆ పండగనాళ్ళలో ఊరి బాట ఆడవాళ్ళదీ పిల్లలదీ. బాటకడ్డంగా తాడు కడతారు. వచ్చేపోయేవాళ్ళు ఎంతటివాళ్ళయినా సరే, తాడు పట్టుకున్నవాళ్ళు అడిగింది ఇచ్చి పోవాలి. బెల్లమో, పూసలో, చిల్లర డబ్బులో అడుగుతారు. ఇవ్వకపోతే నెత్తిన కుండెడు బురదనీళ్ళు పడతాయి. బురద కడుక్కుంటే పోతుంది. కానీ ఇవ్వనివాడి విత్తనం మొలవదు. జమీందారు ఏనుగు కూడా ఇక్కడ ఆగి ఇచ్చుకునే పోయిందని మా అత్త చెప్పేది.

సరిగ్గా ఆ పండగనాడే సాహెబు వస్తున్నాడని కబురొచ్చింది!

మా మరిది ఆ ఏడు వేటకు పోలేదు. తలపాగా చుట్టి, నల్లకోటు తొడిగి, పొద్దున్నే వాగు దాకా ఎదురుపోయాడు. సాహెబు ఆయన్ను మోటారులో ఎక్కించుకున్నాడు. డ్రైవరు పక్కన కూర్చుని మా మరిది ఊళ్ళోకి వస్తుంటే ఆ దర్జా చూడాలి! పటేలుగా పుట్టినందుకు ఆనాడే ఫలం దక్కినట్టుంది ఆయన మొహం.

మద్దిచెట్టు దగ్గర మోటారు ఆగింది. బాటకడ్డంగా తాడు ఉంది. ఒక కొస చెట్టుకు కట్టి ఉంది. రెండో కొస మంగి చేతిలో ఉంది, చంకలో ఇర్మా. వెనక లచ్చు, ఊరి పిల్లలంతా. ఆ వెనక ఆడవాళ్ళం. చెట్టు కింద విత్తనాల గంపతో పొజ్జా.

"ఎత్తుండ్రి తాడు! పెద్ద సాహెబే!" అని అరిచాడు మా మరిది.

"ఇయ్యాల బాట మాది తాతా" అంది మంగి.

"క్యా హై, పటేల్?" అన్నాడు సాహెబు.

"పండగ దొరా" అన్నాడు పొజ్జా, కూర్చున్నచోటునుంచి లేవకుండానే. "తాడు అడిగింది ఇచ్చి పోవాలె. లేకుంటె విత్తనం మొలవది."

మాసా ఆ మాటను హిందీలో చెప్పాడు. సాహెబు మంచివాడే. నవ్వి, జేబులో చెయ్యి పెట్టాడు.

"నీది వద్దు దొరా" అంది మంగి. "నీకు ఈడ విత్తేటందుకు చెలక లేదు గద. తాత ఇయ్యాలె."

మా మరిది కోటు జేబులు వెతికాడు. "ఇగో, పైసలు. తీసుకుని తాడు ఎత్తు."

"పైసలు వద్దు."

"బెల్లమా? ఇంటికాడ ఇస్త."

"బెల్లం వద్దు."

"మరింకేందే నీకు?"

"నీ మొలతాడుకున్నది."

ఆడవాళ్ళంతా ఒక్కసారి ఘొల్లుమన్నారు. డ్రైవరు స్టీరింగు మీద తల పెట్టుకున్నాడు. మా మరిది మొహం తలపాగా రంగుకు వచ్చింది. తలపాగా ఎర్రది.

"క్యా మాంగ్తీ హై?" అని అడిగాడు సాహెబు.

"గుడ్, హుజూర్! బెల్లం అడుగుతున్నది!" అన్నాడు మా మరిది. గుడ్ అంటే హిందీలో బెల్లం.

"గుడ్ నహీఁ హుజూర్" అన్నాడు వెనకనుంచి మాసా. "చాబీ."

ఎండాకాలమంతా మేకలకు దారి ఇస్తూ కంతలో కూర్చున్న మనిషి. ఆ ఒక్క మాటను ఎంత హాయిగా అన్నాడో!

దేని తాళంచెవి అని సాహెబు అడిగాడు. పిల్లల ఆటస్థలానిదని మాసా చెప్పాడు. ఆటస్థలానికి తాళమెందుకని సాహెబు అడిగాడు. తమరు చూడటానికని మాసా చెప్పాడు. సాహెబు కాసేపు కిటికీలోనుంచి పిల్లలకేసి చూశాడు. గడియారం చూసుకున్నాడు. తనకింకా చాలా ఊళ్ళు ఉన్నాయనీ, ఇవ్వాల్సిందేదో తొందరగా ఇచ్చేయమనీ అన్నాడు.

"ఇంటికి పోయినంక ఇస్తనే" అన్నాడు మా మరిది మంగితో, గొంతు తగ్గించి. "ఇంతమందిల ఎట్ల ఇప్పుతనే?"

"పండగ బాట మీద అడిగింది పండగ బాట మీదనే ఇయ్యాలె పటేలు" అన్నాడు పొజ్జా. గంపలోనుంచి పిడికెడు విత్తనాలు తీసి, మెల్లగా మళ్ళీ గంపలోనే పోశాడు. "వద్దంటె నీ ఇష్టం. ఏడాదంత తినాల్సినోనివి నువ్వు."

సాహెబుకు ఎదురుచెప్పే పటేళ్ళు ఉండొచ్చు. విత్తనానికి ఎదురుచెప్పే రైతు ఉంటాడా? మా మరిది మోటారు దిగాడు. మోటారు వెనక్కి పోయి, అడవివైపు తిరిగి, కోటు పైకెత్తాడు. చెమటకు తడిసీ తడిసీ ముడి బిగుసుకుపోయి ఉంది. గోళ్ళకు రాలేదు. ఊళ్ళో పళ్ళన్నీ ఉన్న ఒకే ఒక్క ప్రతినిధి. ఏం లాభం? ఆ పళ్ళు మొలతాడుకు అందవు! చివరికి మాసా పోయి విప్పాడు.

తాళంచెవి మంగి చేతిలో పడింది. తాడు కింద పడింది. పిల్లలు చేలకడ్డంపడి పరుగెత్తారు. మోటారు బండ్లబాట చుట్టి వచ్చేసరికి పిల్లలంతా కంచె లోపల ఉన్నారు. గేటు మూసి ఉంది. తాళం లోపలివైపునుంచి వేసి ఉంది.

మేమంతా కంచె పట్టుకుని బయట నిలబడ్డాం.

మంగి గుంజ దగ్గరికి పోయి తమ్ముణ్ణి మెల్లగా దించబోయింది. వాడు కాళ్ళు ముడిచాడు. మా కోడిపుంజు ఉందేమోనని చుట్టూ చూశాడు. లేదు. అక్కడ ఒక ముసలి మేక మాత్రం పడుకుని ఉంది. వాడి కాళ్ళు నేలకు తగిలాయి. మంగి చేయి వదిలి గుంజ పట్టుకున్నాడు. గుంజ దగ్గరనుంచి ఒంగి మేక వీపు మీది వెంట్రుకలు పట్టుకున్నాడు. ఇంత గొడవలో తనకు నిద్రెక్కడిదనుకుందో ఏమో, మేక లేచింది. దానితోపాటు వాడూ లేచాడు. మేక నడిచింది. వాడూ నడిచాడు. మేక గడ్డి వాసన చూసుకుంటూ పోతుంటే, వాడు దాని తోక దాకా జారి, తోక వదిలేసి, ఏమీ పట్టుకోకుండా దాని వెనకాలే పోయాడు!

కంచె బయట వాళ్ళ యాయ నోట్లో కొంగు కుక్కుకుంది. లోపల మంగి ఒక పక్కకు ఒరిగి, చేయి ఇంకా చంక దగ్గర వంకరగానే పెట్టుకుని నిలబడింది. ఖాళీ చంకతో ఎలా నిలబడాలో ఆ పిల్ల మరిచిపోయింది పాపం.

సాహెబు చప్పట్లు కొట్టాడు. లోపలికి వచ్చి చూస్తానన్నాడు.

"గేటు తీయిరా లచ్చూ!" అన్నాడు మా మరిది.

లచ్చు ఉయ్యాల మీదనుంచే జవాబిచ్చాడు. "తాడు కొత్తది తాతా. పెద్దోళ్ళు వస్తె అరుగుతది."

"సాహెబురా!"

"మళ్ళ దౌరా దాక ఆగమను."

మాసా దీన్ని హిందీలో ఏమని చెప్పాడో నాకు తెలియదు. సాహెబు మాత్రం పడీపడీ నవ్వాడు. పిల్లలకు ఇంత అనుకూలమైన ఊరు తన దౌరాలో ఇంకొకటి కనబడలేదని మా మరిది భుజం తట్టి, మోటారెక్కి వెళ్ళిపోయాడు.

అయ్యా, అమ్మా! తాళం మేలు చేస్తుందని మొదట్లోనే అన్నాను. ఇప్పుడూ అదే అంటున్నాను. ఆనాటినుంచి మా ఊరి పెద్దలు ఎంత బాగుపడ్డారో చెప్పలేను. కంచె బయట నిలబడి ఎదురుచూడటం నేర్చుకున్నారు. తమకోసం కట్టిన చోటు కాదు గదా అని సర్దిచెప్పుకోవడం నేర్చుకున్నారు. సాయంత్రమైతే కళ్ళంలో డోలు మోగుతుంది. తాటిచెట్ల కింద కమిటీ ఒక్కటే మిగిలింది. ముసలివాళ్ళకూ పడుచువాళ్ళకూ మధ్య మళ్ళీ మునుపటంత దూరం ఏర్పడింది. ఇద్దరికీ అది హాయిగానే ఉంది.

లోపలికి రావాలనుకున్న పెద్దలకు పిల్లలు షరతులు పెట్టారు. చెప్పులు బయట విడవాలి. కళ్ళం మర్యాద ఎలాగూ అదే. లోపలికి వచ్చినవాళ్ళు ఉయ్యాల ఊపాలి. "అట్ల ఆడకు, ఇట్ల ఆడు" అనకూడదు. నన్ను రానిచ్చారు, లచ్చుకు శిష్యురాలిని కాబట్టి. నా చదువు మళ్ళీ మొదలైంది. మేకలు మళ్ళీ తొక్కుతున్నాయి. మా మరిదిని రానివ్వాలా వద్దా అన్నది ఇంకా తేలలేదు. దానికోసం పిల్లలు ఒక కమిటీ వేశారు.

నిన్న సాయంత్రం ఆయన మాసా ఖాళీ చేసిన కంతలో గొంగడి వేసుకుని కూర్చున్నాడు. ఇర్మా తప్పటడుగులు వేసుకుంటూ వచ్చి ఆయన మీసం పట్టుకుని లాగాడు. ఆయన లాగనిచ్చాడు.

"వదినె, జర వాళ్ళకు చెప్పరాదె" అన్నాడు నాతో.

"నేనేం చెప్తా మరిదీ? తడిక అవతలిదాన్ని."

ఆయన నావైపు అదోలా చూశాడు. "అది గాదు వదినె. తాళంచెవి నా మొలతాడుకున్నదని ఆ పోరికి ఎట్ల ఎరుకైంది?"

"పిల్లలకేం ఎరుక మరిదీ!" అన్నాను నేను, దుమ్ములో అక్షరం దిద్దుకుంటూ.

మీ ఊళ్ళో కూడా పిల్లల మేలుకోరి ఎవరైనా కమిటీ వేయవచ్చు. కంచె కట్టవచ్చు, బోర్డు పెట్టవచ్చు, తాళమూ తేవచ్చు. వ్యతిరేకించకండి. పెద్దమనుషుల మనసు నొప్పించడం మంచిది కాదు. తాళంచెవి ఎవరి మొలతాడుకు ఉందో ఒకసారి చూసి, ఆ ముక్క మాత్రం పిల్లల చెవిన వేసి ఉంచండి.